ఫిర్యాదు రాని నీళ్లు

ఫిబ్రవరి రెండో శనివారం, పోర్తు అలెగ్రి.
గ్వాయీబా నీళ్లు
పొట్టుపెసలు కడిగిన రంగుకొచ్చాయి.
పొద్దున ఏడింటికల్లా మూడో ఫోను.
"అమ్మాయ్, నా మాతే ఇవాళ
అప్పుడే తవ్విన గొయ్యి వాసనేస్తోంది"
అంది సరాందీ పేట నించి దోనా ఒందీనా.
అరవై ఏళ్లుగా అదే సొరబుర్రలో
అదే వెండి గొట్టంతో తాగుతోందట.
"తప్పు ఆకుది కాదు, మీ నీళ్లదే."
రాసుకున్నాను: మట్టి వాసన. సరాందీ. 7:04.

మా దగ్గర రెండు కొలతలున్నాయి.
ఒకటి ఇంకా వాయిదాలు తీరని యంత్రం.
రెండోది వాల్దొమీరు ముక్కు.
వెచ్చజేసిన సీసా మూత
రెప్పపాటు ఎత్తి, కళ్లు మూసుకుని
"బీట్‌రూట్ తొక్క" అంటాడు.
"కొంచెం తడిసిన గోనెసంచీ. ఎనిమిది."
యంత్రం నలభై నిమిషాలు గొణిగి గొణిగి
ఎనిమిదిన్నర అంటుంది.
లీటరులో ఎనిమిదిన్నర నానోగ్రాములు.
చెరువంత నీళ్లలో చిటికెడు ఉప్పు, అని చెబుతాను
బడిపిల్లలు చూడ్డానికొచ్చినప్పుడు.
వాళ్లు నమ్మరు.

జియోస్మిన్.
ఎండిన నేల మీద తొలి చినుకు పడ్డప్పుడు
మనుషులు కిటికీ తీసి
గుండెలనిండా పీల్చుకునేదీ ఇదే.
వానకైతే కవులు,
కుళాయికైతే ఫిర్యాదులు.

మధ్యాహ్నానికి రెండువందల పన్నెండు ఫోన్లు.
కార్బన్ పొడి మోతాదు పెంచారు.
బస్తాలు కుమ్మరించే కుర్రాడు ఎలియెల్
మసిబొమ్మలా వచ్చి
నా తెల్లకోటుకి దూరంగా నిలబడి
"దీనివల్ల జబ్బేమైనా చేస్తుందా?" అన్నాడు.
లేదన్నాను. వాసనే. వట్టి వాసన.
"మరి ఇంత గొడవేంటి?"

సాయంత్రం
కార్బన్ దాటొచ్చిన నీళ్లు మళ్లీ ఎక్కించాను.
జియోస్మిన్ మొన
సంత ముగిసిన వీధిలా చదునైపోయింది.
దాని కుడిపక్క, పదహారో నిమిషం దాటాక
చిన్న గూని.
అది మాత్రం కదల్లేదు.
డిసెంబర్లోనూ చూశాను దీన్ని.
అప్పుడు, యంత్రం దగ్గిందనుకున్నాను.
నవంబర్ కాగితం తీశాను. ఉంది.
అక్టోబర్లో లేదు.
మూడు లక్షల అణువుల వేలిముద్రలు
దాచుకున్న జాబితాని అడిగితే
అరవై ఒక్క శాతం ఇదేమో,
యాభై ఎనిమిది శాతం అదేమో అంది,
పెళ్లివారు ఆరా తీస్తే
పక్కింటావిడ నసిగినట్టు.

వాల్దొమీరుని పిలిచి సీసా ఇచ్చాను.
మూత ఎత్తాడు. ఇంకోసారి ఎత్తాడు.
ముక్కు తుడుచుకున్నాడు.
"ఏమీ లేదు. మంచినీళ్లు."
పదకొండేళ్లలో మొదటిసారి
ఆయన ముక్కుని నేను నమ్మలేదు.
ఆయనకీ తెలిసింది.
సీసా మెల్లిగా, చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టాడు.

దోనా ఒందీనా సొరబుర్రలో
దీని జాడ పడదు.
దీని గురించి ఒక్క ఫోనూ రాదు.
చట్టంలో దీనికి గీత లేదు
ఎందుకంటే ఇంకా పేరు లేదు,
పేరెందుకు లేదంటే
ఎవరూ అడగలేదు గనక.
ఎగువన తోళ్లు పదునుచేసే షెడ్లున్నాయి,
వరిమళ్లున్నాయి, ఆసుపత్రులున్నాయి.
మా చెల్లెలు రాత్రుళ్లు వేసుకునే మాత్రలూ
చివరికి ఆ నీళ్లలోకే.
నావి కూడా.

మిగతావాళ్లు సముద్రానికి పోయారు.
ఒక్కదాన్నే మరో పన్నెండు సీసాలు పట్టాను.
కుళాయి చల్లగా, ఏమీ ఎరగనట్టు పారింది.
చివర్న ఒక గ్లాసు నాకూ పట్టుకుని
చాలాసేపు చేతిలో ఉంచుకున్నాను.
దాహంగానే ఉంది.
తాగాను.

తర్వాత ఫిర్యాదుల పుస్తకం తెరిచి
రెండువందల పదమూడో వరసలో
నా పేరే రాశాను:
జురేమా స్తెఫాంచుక్, ప్రయోగశాల. 8:40.
వాసన అన్న గడిలో, లేదు.
రుచి, లేదు.
ఫిర్యాదు అన్న గడి కొంచెం ఇరుకు.
పదహారు నిమిషాల ఇరవై సెకన్లు
అని రాసి
కలం ఎత్తకుండా
ఇంకా అక్కడే ఉన్నాను.